బడ్జెట్ దాటకుండా ఒక పెద్ద ఓవల్ వజ్రం

గుండ్రంగా కాక వేరే ఆకారంలో ఉన్న వజ్రాన్ని, అందులోనూ ఒకటిన్నర క్యారెట్టు దాటినదాన్ని కొనాలనుకునేవారు మొదటే తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. గుండ్రని రాయిని సర్టిఫికెట్ చూసి చాలావరకు ఎంచుకోవచ్చు గానీ మిగిలిన ఆకారాలకు ఆ వెసులుబాటు లేదు. వజ్రాలను పరీక్షించి రిపోర్టు ఇచ్చే జి.ఐ.ఏ. సంస్థ 2006 నుంచి గుండ్రని బ్రిలియంట్ వజ్రాలకు కట్ నాణ్యతను ఐదు మెట్లలో నిర్ణయించి రిపోర్టులో రాస్తోంది. ఓవల్, పేర్ (నీటిబొట్టు ఆకారం), మార్కీజ్ (రెండు కొనలూ మొనదేలినది), ఎమరాల్డ్, కుషన్ (మూలలు గుండ్రంగా ఉన్న చదరం), ప్రిన్సెస్, రేడియంట్ వంటి, గుండ్రనివి కాని ఫ్యాన్సీ ఆకారాల రిపోర్టులో ఆ గడి కనిపించదు. పాలిష్, సిమెట్రీ అన్న రెండే ఉంటాయి. వాటి పక్కన ఎక్సలెంట్ అని ఉంటే పలకలు నున్నగా తేలాయని, ఎదురెదురు పలకలు సరిగా కుదిరాయని మాత్రమే అర్థం చేసుకోవాలి. లోపలికి పోయిన వెలుతురు తిరిగి మన కంటికి వస్తుందా, అడుగు నుంచి జారిపోతుందా అన్న అసలు సంగతి ఆ కాగితం మీద దొరకదు.

ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకు ఉద్యోగం చేసి విరమించిన తరువాత, వచ్చిన డబ్బులో 8 లక్షల రూపాయలు నా వేలికి ఒక ఒంటిరాయి ఉంగరం కోసమని పక్కన పెట్టుకున్నాను. ఏడు రాళ్ళ దుద్దులు, రవ్వల ముక్కుపుడక మా ఇళ్ళల్లో అందరికీ ఉన్నవే. చిన్న రాళ్ళు గుత్తిగా కాకుండా ఒక్క పెద్ద రాయి పెట్టుకోవాలన్నది నాకు చాలాకాలంగా ఉన్న కోరిక. దీన్ని పెట్టుబడి అనుకోలేదు. బంగారం తాకట్టు అప్పుల విభాగంలో పనిచేసినవారికి ఆ భ్రమ ఉండే వీలు లేదు. నగలో రాళ్ళు ఎంత ఖరీదైనవైనా వాటి బరువు తీసేసి నికర బంగారానికే అప్పు ఇస్తాం. అక్కడ తూకం ముందు వజ్రానికీ గాజుపెంకుకూ తేడా లేదు. కనుక ఈ డబ్బు ఖర్చు కింద రాసుకున్నాను, ఖర్చు కాబట్టి హద్దు దాటకూడదనుకున్నాను.

8 లక్షలంటే రాయికి 8 లక్షలు కాదు. నగ మీద జీఎస్‌టీ 3 శాతం. మొత్తం బిల్లు 8 లక్షలు దాటకూడదంటే అందులో 23 వేల పైచిలుకు పన్నుకే పోతుంది. 18 క్యారెట్ల బంగారం, మజూరీ కలిపి మరో 85 వేలు ఉంచుకున్నాను. అంటే రాయికి మిగిలింది 6 లక్షల 90 వేలు. దుకాణంలో కూర్చున్నాక ఈ లెక్క వేసుకోవడం కష్టం. ఎదుట పొట్లాలు విప్పుతున్నప్పుడు కాగితం మీద కూడికలు సాగవు. ఇంట్లోనే వేసుకొని, రాయి ధర అడిగిన ప్రతిచోటా పన్ను కలిపి చెప్పమన్నాను.

ఈ డబ్బుకు గుండ్రని రాయి కొంటే నేను అనుకున్న పరిమాణం రాదు. ముడి వజ్రాన్ని గుండ్రంగా సానపట్టేటప్పుడు దాని బరువులో దాదాపు సగమో, అంతకంటే ఎక్కువో పొడి అయిపోతుంది. పొడుగ్గా దొరికిన ముడిరాయిని ఓవల్‌గానో మార్కీజ్‌గానో, చదునుగా మూడు మూలలుగా దొరికినదాన్ని పేర్‌గానో తీరిస్తే పోయే బరువు తగ్గుతుంది. దానికి తోడు గుండ్రని రాయికి గిరాకీ ఎప్పుడూ ఎక్కువే. వ్యాపారులు చూసుకునే రాపాపోర్ట్ ధరల పట్టికలోనే గుండ్రని రాళ్ళకు ఒక పట్టిక, పేర్ ఆకారానికి వేరొక పట్టిక ఉంటాయి. మిగిలిన ఫ్యాన్సీ ఆకారాల బేరం ఈ రెండో పట్టిక ఆధారంగా నడుస్తుంది. అయితే అన్ని ఫ్యాన్సీ ఆకారాలూ ఒకే మేర చవక అనుకోకూడదు. ఏ ఆకారం మీద జనానికి మోజు పెరిగితే దానికి ఆ తగ్గింపు కరిగిపోతూ ఉంటుంది.

ఆకారం ఎంచుకోవడంలో నేను మొదట మనసుపడింది ఎమరాల్డ్ కట్. మెట్లు మెట్లుగా దిగే పొడుగాటి పలకలు, రాయి కదిలినప్పుడు ఒక్కొక్క మెట్టూ వెలిగి ఆరడం, ఆ హుందాతనం నాకు బాగా నచ్చాయి. కానీ ఆ పలకలు కిటికీ అద్దాల వంటివి, లోపల ఏముందో దాచవు. చిన్న చిన్న పలకలుండే బ్రిలియంట్ కట్ రాయిలో మెరుపుల మధ్య కలిసిపోయే చిన్న నలుసు ఎమరాల్డ్ కట్‌లో నేరుగా కనిపిస్తుంది. కాబట్టి క్లారిటీ, అంటే నలుసులు ఎంత తక్కువో చెప్పే గ్రేడు, వీఎస్1 కంటే దిగడానికి (వీవీఎస్, వీఎస్, ఎస్ఐ అన్న వరుసలో నలుసులు పెరుగుతాయి) నాకు ధైర్యం చాలలేదు, రంగు కూడా పై మెట్టులోనే ఉండాలి. ఆ రెండూ ఉంచుకుంటే నా డబ్బుకు రాయి బాగా చిన్నదైపోతుంది. ప్రిన్సెస్ కట్ బరువంతా లోతులో దాచుకుంటుంది. 2 క్యారెట్ల రాయి కూడా పైనుంచి 7 మిల్లీమీటర్ల చదరంగానే కనిపిస్తుంది, పైగా దాని మూలలు తగిలితే విరిగే ప్రమాదం ఉంది. మార్కీజ్ వేలి పొడవునా పరుచుకొని బరువుకు మించి పెద్దగా కనిపిస్తుంది గానీ దాని రెండు కొనలూ చీర జరీకి తగులుకుంటాయని ఊహించుకోగానే పక్కన పెట్టేశాను. కుషన్‌లు ఒకదానికొకటి పోలిక లేనంత రకరకాలుగా ఉన్నాయి. చివరకు ఓవల్ దగ్గర ఆగాను.

ఇక బరువు సంగతి. మన దగ్గర రాయి పెద్దదా చిన్నదా అనేది క్యారెట్లలోనూ సెంట్లలోనూ చెప్పుకుంటారు. క్యారెట్టు అంటే 200 మిల్లీగ్రాములు, దానిలో నూరో వంతు సెంటు. అది తూకం మాత్రమే. వేలి మీద కనిపించేది పొడవు, వెడల్పు. ఆ కొలతలు రిపోర్టులో మిల్లీమీటర్లలో వందో వంతు వరకు రాసి ఉంటాయి, అయినా వాటిని అడిగి చదివేవారు తక్కువ. నేను చూసిన రెండు ఓవల్‌ల కొలతలు ఇక్కడ ఇస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. మొదటిది 2.02 క్యారెట్లు, పొడవు 9.60, వెడల్పు 6.97 మిల్లీమీటర్లు; లోతు 68 శాతం. రెండవది 1.82 క్యారెట్లు, పొడవు 9.85, వెడల్పు 6.94, లోతు 60 శాతం. ఫ్యాన్సీ ఆకారాలకు లోతు శాతాన్ని వెడల్పుతో పోల్చి లెక్కకడతారు. 20 సెంట్లు తక్కువ తూగిన రాయి పైనుంచి చూస్తే ఏ మాత్రం చిన్నది కాదు సరికదా, పొడవులో పావు మిల్లీమీటరు ఎక్కువే ఉంది. మొదటి రాయిలోని అదనపు బరువు దాని అడుగున, ఉంగరపు గూటిలో ఎవరికీ కనిపించని చోట కూర్చుంది.

ఇది యాదృచ్ఛికం కాదు. ధర క్యారెట్టుకు ఇంత అని చెబుతారు, ఆ రేటు 1.00, 1.50, 2.00 వంటి గుర్తుల దగ్గర ఒక్కసారిగా ఎగబాకుతుంది. 1.97 దగ్గర ఆగవలసిన రాయిని ఎలాగైనా 2 దాటించాలని సానపట్టేవారు అడుగు భాగంలోనో, పైభాగం అడుగుభాగం కలిసే నడుము అంచులోనో బరువు మిగుల్చుతారు. అందుకే సరిగ్గా 2.00, 2.01, 2.02 అని తూగే ఫ్యాన్సీ రాళ్ళను కాస్త అనుమానంగా చూడడం మంచిది. నాకు ఆ రెండు రాళ్ళూ చూపిన వ్యాపారి మాత్రం మొదటిదాని మీదే మొగ్గు చూపారు.

"మేడమ్, రెండు దాటిన రాయి అంటే ఆ లెక్కే వేరు. ఎక్కడైనా చెప్పుకోవచ్చు."

"చెప్పుకోవడానికి కాదండీ, చూసుకోవడానికి కొంటున్నాను," అన్నాను. రెండింటి ధరలో లక్షన్నరకు పైగా తేడా ఉంది.

బరువు పోయినా వెలుగు దక్కితే చాలునన్న ఆలోచన కొత్తదేమీ కాదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో పుట్టిందని చాలామంది చెప్పే కోహినూరు లండన్ చేరిన తరువాత, 1851 ప్రదర్శనలో దాన్ని చూసినవారు మెరుపు లేదని పెదవి విరిచారు. మరుసటి ఏడు విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ దాన్ని మళ్ళీ సానపట్టించగా, సుమారు 186 క్యారెట్లు ఉన్న రాయి 105.6 క్యారెట్లకు వచ్చి ఓవల్ ఆకారంలో తేలింది. మొగలుల కాలపు రూపం పోయిందని బాధపడేవారు ఇప్పటికీ ఉన్నారు, ఆ బాధలో న్యాయం ఉంది. కానీ అంత బరువు వదులుకోవడానికి రాజకుటుంబమే సిద్ధపడిందంటే, ఆ 20 సెంట్ల కోసం నేను బెంగపడనక్కర్లేదనిపించింది.

ఓవల్ కొనేవారు అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది బో-టై. రాయిని పైనుంచి చూసినప్పుడు నడిమి భాగంలో అడ్డంగా, రెండు త్రికోణాలు ముక్కులు కలిపినట్టు ఒక నల్లని నీడ కనిపిస్తుంది. పేర్, మార్కీజ్ ఆకారాల్లోనూ ఇది ఉంటుంది. మధ్యలో ఉన్న కొన్ని పలకల కోణం వల్ల అవి గదిలోని దీపాన్ని కాక, రాయి మీదికి వంగి చూస్తున్న మన తలనే ప్రతిబింబిస్తాయి. ఆ చీకటి మన చీకటే. అస్సలు బో-టై లేని ఓవల్ దొరకడం అరుదు. కొద్దిగా ఉంటే అది మిగిలిన మెరుపుకు ఎదురుగా నిలిచి అందాన్ని పెంచుతుంది కూడా. రాయిని అటూ ఇటూ వంచినప్పుడు ఆ నీడ చెదిరి వెలుగుగా మారుతుందా, లేక ఎటు తిప్పినా మొండిగా అలాగే నిలబడుతుందా అన్నదే చూడాలి.

దుకాణం దీపాల కింద ఈ తేడా తెలియదు. అక్కడ పైకప్పు నిండా చిన్న చిన్న స్పాట్ లైట్లు ఉంటాయి, వాటి కింద పటిక ముక్క కూడా మెరుస్తుంది. వ్యాపారి లోపల లేతనీలి కాగితం ఉన్న పొట్లం విప్పి, సన్నని పటకారుతో రాయిని తీసి నా వేళ్ళ సందున నిలిపినప్పుడు, నేను చూసిన ప్రతి ఓవల్ అద్భుతంగానే కనిపించింది. అందుకని వారి అనుమతితో రాయిని ముందున్న అద్దాల తలుపు దగ్గరికి తీసుకుపోయి పగటి వెలుతురులో చూశాను. తరువాత లోపల లెక్కలు రాసుకునే బల్ల మీది మామూలు ట్యూబులైటు కింద చూశాను. తలుపు దగ్గర 2.02 రాయి మధ్యలో కాటుక దిద్దినట్టు నల్లగా తేలింది. వేలు ముడిచినా, చాచినా ఆ నలుపు కదలలేదు. 1.82 రాయిలోనూ నీడ ఉంది, కానీ అది బూడిదరంగులో పలచగా ఉండి, చెయ్యి కాస్త వంచగానే ముక్కలై వెలుగులో కలిసిపోయింది. ట్యూబులైటు కింద రెండూ సాదాగానే ఉన్నాయి, అయితే 1.82 రాయి రెండు కొనల్లోనూ మెరుపు బతికే ఉంది. కొనలు చచ్చుగా ఉండి మధ్య మాత్రమే మెరిస్తే ఓవల్ పొడవంతా వృథా అవుతుంది, కాబట్టి ఇదీ చూసుకోవలసినదే.

ఇంటర్నెట్‌లో కొనేవారికి ఈ తలుపు దగ్గరి పరీక్ష ఉండదు. తిరుగుతున్న రాయి వీడియో చూసి, బో-టై ఎంతసేపు నిలుస్తోందో గమనించి, తిప్పి పంపే గడువు ఉన్నచోటే కొనాలి. ఫొటో ఒక్కటే చూసి ఫ్యాన్సీ రాయి కొనమని నేను ఎవరికీ చెప్పను.

పరిమాణం, వెలుగు వదులుకోకూడదని నిర్ణయించుకున్నాక, తగ్గించుకోవడానికి మిగిలినవి రంగు, క్లారిటీ. ఇక్కడ మనవాళ్ళతో పేచీ వస్తుంది. ఈఎఫ్ రంగు (ఛాయ దాదాపు లేని ఇ, ఎఫ్ గ్రేడులు), వీవీఎస్ క్లారిటీ అన్న రెండు మాటలు ప్రకటనల్లో విని విని, అంతకు తక్కువైతే అది వజ్రమే కాదన్నంతగా అలవాటు పడిపోయాం. దుద్దుల్లోని 10 సెంట్ల రాళ్ళకు వీవీఎస్ తీసుకుంటే అయ్యే అదనపు ఖర్చు ఓర్చుకోదగ్గదే. దాదాపు 2 క్యారెట్ల రాయికి అదే పట్టుదల పడితే లక్షలు పోతాయి. వీవీఎస్ రాయిలోని నలుసు పది రెట్ల భూతద్దంలో నిపుణుడికే కష్టంగా కనిపిస్తుంది; ఎస్ఐ1 రాయిలోది భూతద్దంలో తేలిగ్గా కనిపిస్తుంది గానీ చాలా రాళ్ళలో వట్టి కంటికి కనిపించదు. నా వేలిని ఎవరూ భూతద్దంతో చూడరు.

అయితే ఎస్ఐ1 అన్న పేరు ఒకటే అయినా రాళ్ళన్నీ ఒకటి కావు. టేబుల్ అనే పెద్ద పలక కింద నల్లని నలుసు ఉంటే వద్దు. రిపోర్టు అడుగున వ్యాఖ్యల్లో, లోపాల పటంలో చూపని మబ్బుల (గుంపుగా ఉన్న సన్నని నలుసుల) వల్లే ఈ గ్రేడు ఇచ్చామని రాసి ఉంటే మరీ జాగ్రత్త పడాలి; అటువంటి రాయి మొత్తం పాలు కలిపిన నీళ్ళలా మసకబారి ఉండవచ్చు. నేను ఎంచుకున్నదానిలో ఒక చివర, అంచుకు కాస్త లోపలగా, ఈక ఆకారపు చిన్న పగులు ఉంది. లోపాలు ఎక్కడున్నాయో రిపోర్టులోని పటంలో ఎర్ర గీతలతో గుర్తిస్తారు. మా అమ్మ ఫోనులో ఒకే మాట అడిగింది: "కాకిపాదం లేదు కదే?" రత్నాల దోషాల్లో పెద్దలు మొదట లెక్కపెట్టేది అదే. ఆ పటం ఫొటో తీసి పంపించాను. ఎర్ర గీత ఒక్కటే ఉందని, మూడు చీలికలుగా లేదని చూసుకొని సరేనంది. అంచున పగులు గురించి అమ్మ జాగ్రత్త ఒకందుకు మంచిదే, పగులు పైకి తేలి అంచు పలచగా ఉంటే దెబ్బ తగిలినప్పుడు రాయి అక్కడే చిట్లుతుంది. నేను చూసిన రాయి అంచు మందంగానే ఉంది, పగులు పైవరకు రాలేదు.

రంగు ఐ తీసుకున్నాను. ఛాయ లేని డి నుంచి పసుపు తేలే జెడ్ వరకు సాగే వరుసలో ఐ అంటే ఆరో మెట్టు, తెల్ల కాగితం మీద పక్కకు తిప్పి చూస్తే పలచని వెచ్చదనం తెలుస్తుంది. ఓవల్‌లో ఆ ఛాయ రెండు కొనల దగ్గర పేరుకొని కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. పసుపు బంగారంలో కట్టించదలచుకున్నాను కాబట్టి ఇది నాకు అడ్డు కాలేదు. చుట్టూ బంగారపు పసుపు ఉన్నప్పుడు ఆ రాయి తెల్లగానే కనిపిస్తుంది. ప్లాటినంలోనో తెల్ల బంగారంలోనో పెట్టించుకునేవారు జీ లేదా హెచ్ దగ్గరే ఆగడం మేలు. రిపోర్టులో నీలి ఫ్లోరసెన్స్ (అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలిగే గుణం) మీడియం అని కూడా ఉంది. వ్యాపారులు దీన్ని లోపం కింద లెక్కగట్టి ధర తగ్గిస్తారు. రాయి ఎండలో మసకగా కనిపించనంతవరకు ఈ తగ్గింపు కొనేవారికి లాభమే, ఐ, జే రంగుల రాళ్ళకు అది ఒక్కోసారి తెల్లదనాన్ని కూడా ఇస్తుంది. అద్దాల తలుపు దగ్గర చూసినప్పుడే మసక లేదని తేల్చుకున్నాను.

ల్యాబ్‌లో పెంచిన వజ్రం కొనవచ్చు కదా అని మా అబ్బాయి అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. అది కూడా కర్బనమే, అదే గట్టిదనం, అదే మెరుపు. వట్టి కంటికి ఎవరూ తేడా పట్టలేరు, ప్రయోగశాల పరికరాలు కావాలి. ధరలో పోలికే లేదు, గత కొన్నేళ్ళలో ఆ ధరలు పడుతూనే వచ్చాయి. పరిమాణమే ప్రధానమనుకునేవారు అటు వెళ్ళడంలో తప్పు లేదు. నా బడ్జెట్‌లో కొంత భాగానికే ఇంకా పెద్ద రాయి వచ్చేది. నాకు భూమిలోంచి వచ్చినదే కావాలనిపించింది. ఇది ఇష్టానికి సంబంధించిన విషయం, దీనికి వేరే సమర్థన నా దగ్గర లేదు. మళ్ళీ అమ్మితే విలువ ఉంటుందన్న వాదన నేను తెచ్చుకోలేదు, సహజ వజ్రాన్నైనా కొన్న ధరకు తిరిగి అమ్ముకోవడం సామాన్యుడికి సాధ్యం కాదు. దుకాణాలు ఇచ్చే బైబ్యాక్ హామీ ఎంత శాతానికి, ఏ రోజు ధర మీద, నగదుకా లేక మార్పిడికి మాత్రమేనా అన్నది బిల్లు మీద రాయించుకోవాలి.

1.82 రాయి ధర బేరమాడాక 6 లక్షల 80 వేలకు కుదిరింది. ఉంగరానికి నాలుగు ప్రాంగులా (రాయిని పట్టి ఉంచే బంగారపు గోళ్ళు) ఆరా అన్న చర్చ కొంత నడిచింది. ఆరు పెడితే రాయి భద్రంగా ఉంటుంది గానీ ఓవల్ గీత మరుగున పడుతుంది. నాలుగే పెట్టించి, వాటిలో ఒకదాన్ని ఆ ఈక పగులు మీదికి వచ్చేలా జరిపించాను. లోపమూ కప్పబడింది, ఆ చోటుకు దన్నూ దొరికింది. మూసిన కట్టుడు చేయమని మా అత్తగారు సలహా ఇచ్చారు గానీ, వెనుక మూసేస్తే శుభ్రం చేయడం కుదరదు, ఓవల్ అడుగున సబ్బు జిడ్డు పేరుకుంటే మెరుపు సగానికి పడిపోతుంది.

కొనేటప్పుడు ఇంకొక పని తప్పనిసరిగా చేయాలి. బంగారం మీది హాల్‌మార్కు, దాని హెచ్‌యూఐడీ సంఖ్య బంగారం స్వచ్ఛతకే హామీ, రాయికి కాదు. రాయికి గుర్తు దాని నడుము అంచున లేజర్‌తో చెక్కిన రిపోర్టు నంబరు. కట్టించక ముందే ఆ నంబరును భూతద్దంలో చదివి, జి.ఐ.ఏ. వెబ్‌సైటులోని రిపోర్టుతో కొలతలు సరిచూసి, బరువు నా ఎదుటే తూయించి, మూడూ బిల్లు మీద రాయించాను. ఒకసారి కట్టుడులో కూర్చున్న రాయిని మళ్ళీ తూయడం కుదరదు. ఆ అంకెల మీదికి ప్రాంగు రాకుండా చూడమని కంసాలికి ముందే చెప్పి ఉంచాను కాబట్టి, ఉంగరం చేతికి వచ్చిన రోజు దాన్ని ఓరగా పట్టుకొని భూతద్దంలో మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా మళ్ళీ చదివి, ఆ తరువాతే మిగిలిన డబ్బు కట్టాను.